గీత నుంచి ముగ్గు దాకా

నల్లగొండ శివారులో ఒక ఇంటికి ముగ్గు పోస్తున్న పొద్దు అది. స్థలం 200 గజాలు. రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 60 అడుగులు. ప్లాను గీసింది నేనే. మేస్త్రీ మేకులు పాతాడు, దారం కట్టాడు, మూలమట్టం పెట్టి చూశాడు. మూడడుగుల దగ్గర ఒక గుర్తు, నాలుగడుగుల దగ్గర ఒక గుర్తు, రెండింటి మధ్య ఐదడుగులు రావాలి. వచ్చింది. ఆ లెక్కన ఇంటి పొడవు గోడకు దారం లాక్కుంటూ వెనక్కి పోయాడు. వెనక మూలకు చేరాక ఆగి, నన్ను పిలిచాడు.

“సార్, ఇక్కడ జాగ సరిపోతలేదు. మూడు ఫీట్ల మూడించులు ఇడవాలె అన్నరు గదా, ఒక ఫీటు ఎనిమిదించులే ఉన్నది.”

టేపు తీసి మళ్లీ కొలిచాం. నాలుగు భుజాలూ సరిగ్గా ఉన్నాయి. ముందు 30, వెనక 30, అటు 60, ఇటు 60. అప్పుడు మూల నుంచి మూలకు కొలిచాం. ఒక వైపు 67 అడుగుల 10 అంగుళాలు, రెండో వైపు 66 అడుగుల 4 అంగుళాలు. నాలుగు మూలలూ మూలమట్టంగా ఉన్న స్థలమైతే రెండూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. స్థలం ఒక పక్కకు వాలి ఉంది. గజాలు తగ్గలేదు, రిజిస్ట్రేషన్ కాగితంలో తప్పు లేదు. కానీ రోడ్డుకు మూలమట్టంగా ఇల్లు నిలబెడితే, వెనక మూలకు చేరేసరికి 19 అంగుళాలు పక్క స్థలం వైపు జరిగిపోతుంది. నేను టేపుతో నాలుగు భుజాలు కొలిచి, కంప్యూటర్‌లో ఒక దీర్ఘచతురస్రం గీసేసి, మిగతాదంతా దాని మీద కట్టుకుంటూ పోయాను. మూల కొలత ఒక్కటి తీసుకుని ఉంటే ఈ తేడా ఆ రోజే తెలిసేది.

ఇంటి ప్లాను గీసే సాఫ్ట్‌వేర్ గురించి రాయమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మూల. ఆటోక్యాడ్ కావచ్చు, స్కెచ్‌అప్ కావచ్చు, రెవిట్ కావచ్చు, ఉచితంగా దొరికే లిబ్రెక్యాడ్, ఫ్రీక్యాడ్, స్వీట్‌హోమ్ త్రీడీ కావచ్చు. ఏది వాడినా, తెర మీది గీత చివరికి నేల మీద ముగ్గుగా మారుతుంది. ఆ ముగ్గు మీదే గుంతలు తవ్వుతారు, పిల్లర్లు లేపుతారు. మనం ఏ అలవాటు చేసుకున్నా, అది ముగ్గు పోసే రోజున మేస్త్రీకి పనికొస్తుందా అన్నదే నా కొలబద్ద. ఐటీఐలో రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి ఇప్పుడిప్పుడే పనిలో దిగుతున్న పిల్లలకూ, సొంతిల్లు కట్టుకుంటూ ప్లాను చేతిలో పట్టుకుని ఏం చూడాలో తెలియక నిలబడే వాళ్లకూ ఈ నాలుగు మాటలు.

మొదటి పని స్థలం గీయడం. ఇల్లు గీయడం తర్వాత. మన ఊళ్లలో, ముఖ్యంగా గ్రామకంఠంలో, పాత బజార్లలో, నాలుగు మూలలూ మూలమట్టంగా ఉన్న స్థలం అరుదు. అన్నదమ్ముల పంపకాల్లో, బండ్ల బాట వంపుల్లో ఏర్పడిన స్థలాలవి. కొత్త వెంచర్లలోనూ రాళ్లు జరిగి ఉంటాయి. అందుకే ఐదు కొలతలు తీసుకోండి: నాలుగు భుజాలు, ఒక మూల కొలత. సాఫ్ట్‌వేర్‌లో ముందు రోడ్డు వైపు గీత గీయండి. దాని ఒక చివర కేంద్రంగా పక్క భుజం పొడవుతో ఒక వృత్తం, రెండో చివర కేంద్రంగా మూల కొలతతో ఇంకో వృత్తం గీయండి. రెండు వృత్తాలు కలిసిన చోటే వెనక మూల. నాలుగో మూలా అట్లాగే, మిగిలిన రెండు భుజాల పొడవులతో. బడిలో కంపాసుతో త్రిభుజం గీసిన పద్ధతే ఇది. చివర్న రెండో మూల కొలత తెర మీద ఎంత వస్తుందో చూసి, నేల మీద కొలిచినదానితో సరిపోల్చుకోండి. అంగుళం లోపు తేడా ఉంటే సరే. అంతకు మించితే మళ్లీ సైటుకు పోయి కొలవాల్సిందే. ఈ పని పావుగంటది.

దిక్కు కూడా ఆ రోజే చూసుకోవాలి. ఫోనులో దిక్సూచి పెట్టి చూస్తారు చాలామంది. కారు పక్కనో, ఇనుప చువ్వల కట్టల దగ్గరో నిలబడితే అది తప్పు చూపిస్తుంది. స్థలం నడిమధ్య, ఇనుముకు దూరంగా నిలబడి రెండు మూడు సార్లు చూడండి. మన దగ్గర వాస్తు చూడకుండా ఇల్లు మొదలుపెట్టే వాళ్లు తక్కువ. నమ్మకం మాట వాళ్లిష్టం. గీసేవాడు మాత్రం ఆయం లెక్క ముందే అడిగి రాసుకోవాలి. పంతులుగారు చెప్పే కొలత గోడ లోపలిదా, బయటిదా అన్నది కూడా అడగాలి. స్తంభాల స్థానాలు ఖాయమయ్యాక హాలును ఆరు అంగుళాలు పెంచమంటే, మారేది ఒక గది కొలత ఒక్కటే కాదు. మెట్లు మారతాయి, బీములు మారతాయి, ఇంజినీరు ఇచ్చిన ఇనుము లెక్క మారుతుంది.

ఇక కొలమానాల సంగతి. ఇది మన ప్రాంతంలో పెద్ద చిక్కు. భూమి గుంటల్లో అమ్ముతారు, గుంటకు 121 గజాలు. ప్లాటు గజాల్లో కొంటారు, గజానికి 9 చదరపు అడుగులు. మేస్త్రీ అడుగులు, అంగుళాల్లో కడతాడు. మున్సిపాలిటీ అనుమతి మీటర్లలో ఇస్తుంది. ఒకే ఇల్లు నాలుగు భాషల్లో మాట్లాడుతుందన్న మాట. గీసేవాడు ఫైలుకు ఒకే కొలమానం పెట్టుకుని చివరిదాకా దాన్నే పట్టుకోవాలి. మిగతా వాటిలోకి మార్చే పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయాలి. నోటి లెక్కతో అడుగంటే 300 మిల్లీమీటర్లు అనుకుని గీసే వాళ్లను చూశాను. అడుగంటే 304.8 మిల్లీమీటర్లు. 60 అడుగుల పొడవులో ఆ చిన్న తేడా 288 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే 11 అంగుళాల పైమాటే. పక్క గోడకు ఒక మీటరు వదలాల్సిన చోట 11 అంగుళాలు పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొకరి ఫైలులోంచి తలుపు, మంచం, కమోడు బొమ్మలు తెచ్చుకున్నప్పుడూ ఇదే ప్రమాదం. ఆ ఫైలు అంగుళాల్లో ఉంటే, మనది మిల్లీమీటర్లలో ఉంటే, బొమ్మ 25 రెట్లు చిన్నగానో పెద్దగానో వచ్చి పడుతుంది. అంత తేడా కంటికి తెలుస్తుంది. తెలియనివి చిన్న తేడాలు. తెచ్చుకున్న ప్రతి బొమ్మనూ ఒకసారి కొలిచి చూడండి. మంచం ఆరు అడుగులకు ఐదున్నర వస్తే ఆ గదిలో నడిచే దారి ఉందని మీరు నమ్ముతారు, ఇంటాయన అసలు మంచం తెచ్చి వేసుకున్న రోజున దారి ఉండదు. గీసేటప్పుడు ప్రతిదీ అసలు కొలతతోనే గీయాలి. ఒకటికి వంద, ఒకటికి యాభై అన్న స్కేలు మాట కాగితం మీద ప్రింటు తీసేటప్పుడే రావాలి.

గోడల దగ్గర కాసేపు ఆగాలి. తొమ్మిదించుల గోడ, నాలుగున్నర ఇంచుల గోడ అంటాం. అది ఇటుక కొలత. దాని మీద లోపల అర అంగుళం దాకా సిమెంటు పూత పడుతుంది. తెర మీద 10 అడుగులున్న గది, రెండు గోడల పూత పోను 9 అడుగుల 11 అంగుళాలే మిగులుతుంది. స్నానాల గదిలో పూత మీద టైల్స్ కూడా పడతాయి కాబట్టి ఇంకా తగ్గుతుంది. అల్మారా పలకలు, వంటింటి గట్టు బండ కొలతలు తెర మీది అంకె చూసి చెప్పేస్తే, ఆ బండ కోసుకొచ్చాక పట్టదు. ప్లాను మీద ఒక మూలన “కొలతలు ఇటుక గోడ నుంచి ఇటుక గోడకు, పూత కలపలేదు” అని తెలుగులో రాసి పెట్టండి. ఈ ఒక్క వాక్యం నా ప్రతి ప్లానులో ఉంటుంది. తెలుగు అక్షరాలు ఆటోక్యాడ్‌లో పాత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లతో రావు. విండోస్‌కు దొరికే గౌతమి లాంటి ఫాంటు పెట్టుకుంటే వస్తాయి. ప్రింటు తీసే ముందు ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఒకసారి చదువుకోండి.

పొరల సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. వెనకట డ్రాఫ్ట్స్‌మన్ ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీసేవాడు. ఒక కాగితం మీద గోడలు, దాని మీద పరిచిన ఇంకో కాగితంలో కరెంటు తీగలు, మరోదానిలో నీళ్ల గొట్టాలు. సాఫ్ట్‌వేర్‌లో లేయర్ అంటే అటువంటి కాగితమే. గోడలకు ఒకటి, తలుపులు కిటికీలకు ఒకటి, స్తంభాలకు ఒకటి, కొలతలకు ఒకటి, సామానుకు ఒకటి. అప్పుడు మేస్త్రీకి ముగ్గు పోసే ప్లాను ఇచ్చేటప్పుడు మంచాలు, సోఫాలు ఆపేసి స్తంభాలు, వాటి మధ్య కొలతలు మాత్రమే ఇవ్వొచ్చు. ఎలక్ట్రీషియన్‌కు గోడలు లేతగా, పాయింట్లు ముదురుగా ఇవ్వొచ్చు. అన్నీ ఒకే పొరలో కుమ్మేసిన ఫైలు తీసుకుని వచ్చి “అన్నా, దీంట్లోంచి కొంచెం కరెంటు ప్లాను తీసియ్యవా” అని అడిగిన తమ్ముళ్లు ఉన్నారు. కూర్చుని ఒక్కో గీతా ఏరుకోవాలి. ఒక పూట పని. బొమ్మలను బ్లాకులుగా చేసేటప్పుడు మాత్రం సున్నా అనే లేయరులో గీయండి. అప్పుడే ఆ బొమ్మ ఏ పొరలో దింపితే ఆ పొర రంగు తీసుకుంటుంది. రంగు, గీత మందం గీతకు విడిగా పెట్టకుండా పొరకే పెట్టాలి.

ఈ క్రమశిక్షణకు ఇప్పుడు ఇంకో కారణం తోడైంది. తెలంగాణలో 2020లో టీఎస్‌-బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా కట్టుకునే ఇంటికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా, యజమాని స్వయంగా ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు. 2025లో బిల్డ్‌నౌ పేరుతో కొత్త వ్యవస్థ వచ్చింది, డ్రాయింగును కంప్యూటరే పరిశీలించే పద్ధతి అది. కంప్యూటరు మనిషిలాగా చూసి అర్థం చేసుకోదు. స్థలం హద్దు ఒకే గొలుసుగా, మొదలు చివర కలిసి మూసుకుని ఉంటేనే దాని వైశాల్యం లెక్కిస్తుంది. మూలన వెంట్రుక వాసి సందు ఉన్నా అది హద్దు కింద లెక్కకు రాదు. అందుకే గీతలు ఎక్కడికక్కడ చేత్తో కలపకుండా, ఆబ్జెక్ట్ స్నాప్ పెట్టుకుని చివరను చివరకు అంటించే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

స్వీయ ధ్రువీకరణ సౌకర్యమే. దాని బరువు ఎవరి మీద పడిందో కూడా చూడాలి. వెనకట అధికారి వచ్చి కొలిచి చెప్పేవాడు. ఇప్పుడు “నా ప్లాను నిబంధనల ప్రకారమే ఉంది” అని సంతకం పెట్టేది యజమాని. అబద్ధం రాస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలో ఉంది. భవన నిర్మాణ నిబంధనలు చెప్పే 2012 నాటి జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, 12 మీటర్ల లోపు రోడ్డు ఉంటే, ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. మన 200 గజాల స్థలం, అంటే 167 చదరపు మీటర్లు, ఈ లెక్కలోకే వస్తుంది. అనుమతికి ఒక ప్లాను, కట్టడానికి ఇంకో ప్లాను గీసివ్వమని అడిగే వాళ్లున్నారు. గీసివ్వకండి. రేపు ఇల్లు అమ్ముకోవాలన్నా, బ్యాంకు లోను కావాలన్నా ఆ రెండు కాగితాల తేడా ఆ కుటుంబం మెడకే చుట్టుకుంటుంది.

ఎండ గురించి చెప్పకుండా నల్లగొండ, పాలమూరు ఇళ్ల గురించి రాయడం కుదరదు. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, కొంచెం కింద. సూర్యుడు మే రెండో వారానికి మన నడినెత్తి మీదికి వచ్చి, అక్కడి నుంచి ఉత్తరానికి జరుగుతాడు. ఆగస్టు మొదట్లోగానీ తిరిగి రాడు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడంటే చాలామంది నమ్మరు. స్కెచ్‌అప్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఊరు, తేదీ, గంట పెడితే నీడ ఎక్కడ పడుతుందో చూపిస్తుంది. ఈ సౌకర్యం ఉండి కూడా వాడేవాళ్లు తక్కువ. అందరూ ఎలివేషన్ రంగుల కోసమే దాన్ని తెరుస్తారు.

ఒకసారి పడమటి కిటికీకి లెక్క వేసి చూశాను. మే నెలాఖరు, సాయంత్రం నాలుగు దాటింది. నాలుగడుగుల ఎత్తు కిటికీ, దాని మీద రెండడుగుల సజ్జ. ఆ సజ్జ నీడ కిటికీ మీద అడుగు నాలుగు అంగుళాల మేరకే పడుతుంది. కింది రెండడుగుల ఎనిమిది అంగుళాలూ ఎండలోనే. సజ్జ వేశాం కదా అని నిశ్చింతగా ఉంటాం, ఆ గదిలో పడుకున్న ముసలామెకు తెలుస్తుంది దాని సంగతి. పడమర వైపు మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పెట్టి, పడక గదిని వెనక్కి జరిపితే ఆ వేడి ఆమెదాకా రాదు. ప్లాను ఖాయం కాకముందే మే 25వ తేదీన మధ్యాహ్నం మూడింటికి, ఐదింటికి నీడ పెట్టి, తెర మీద యజమానికి చూపించండి. మాటలతో ఒప్పుకోని వాళ్లు కూడా కళ్లతో చూస్తే గదులు మార్చడానికి ఒప్పుకుంటారు. నా అనుభవంలో సాఫ్ట్‌వేర్ వల్ల ఇంటివాళ్లకు జరిగే పెద్ద మేలు ఇదే.

చిన్న ఇంటికి గీత ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్రభుత్వ సాయంతో కట్టుకునే ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 మించకూడదు. 2025 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన ఇళ్లు ఈ కొలతవే. బయటి కొలత 20కి 20 అడుగుల ఇల్లు తీసుకోండి. చుట్టూ తొమ్మిదించుల గోడ కడితే లోపల మిగిలేది 342 చదరపు అడుగులు. ఆరించుల సిమెంటు దిమ్మెలతో కడితే 361. గోడ మందం మార్చితేనే 19 చదరపు అడుగుల తేడా, ఒక చిన్న స్నానాల గది అంత. దిమ్మెల గోడ ఎండకు ఎక్కువ కాగుతుంది, అదీ తూచుకోవాలి. రెండు రకాలూ పక్కపక్కన గీసి ఇంటావిడకు చూపించడం సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల పని. ఐదు లక్షల సాయంతో ఇల్లు కట్టుకునే కుటుంబానికి ప్లాను అక్కర్లేదని, మేస్త్రీ చేతి అంచనా చాలని అనుకోవడం నాకు సమ్మతం కాదు. ప్రతి అడుగూ లెక్కలోకి వచ్చేది ఆ ఇంట్లోనే.

ఫైలు కాపాడుకోవడం గురించి కొద్దిగా. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఆటోక్యాడ్ తనంతట తాను పది నిమిషాలకోసారి దాచుకుంటుంది, సేవ్‌టైమ్ అని కొట్టి దాన్ని ఐదుకు మార్చుకోండి. ఫైలు చెడిపోతే అదే ఫోల్డర్‌లో డాట్ బీఏకే అనే పాత ప్రతి ఉంటుంది, దాని పేరు చివర డాట్ డీడబ్ల్యూజీ అని మార్చి తెరవొచ్చు. పని అయ్యాక ఆడిట్, పర్జ్ కొట్టి చెత్త తీసేయండి. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. స్తోమత లేకపోతే ఉచితంగా దొరికే లిబ్రెక్యాడ్‌లో ఇల్లంతా గీయొచ్చు, చిన్న ఇంటికి అది చాలు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది వాట్సాప్. ప్లాను ఐదారుసార్లు మారుతుంది. ప్రతిసారీ యజమానికి పంపుతాం, ఆయన మేస్త్రీకి పంపుతాడు, మేస్త్రీ సెంట్రింగ్ ఆయనకు పంపుతాడు. మూడో ప్లాను ఒకరి ఫోనులో, ఐదోది ఇంకొకరి ఫోనులో. ఒక ఇంట్లో వంటింటి కిటికీ తూర్పు నుంచి ఉత్తరానికి మార్చాం. గోడ లేచాక పోయి చూస్తే కిటికీ తూర్పునే ఉంది. మేస్త్రీ ఫోను తీసి చూపించాడు, రెండు నెలల కిందటి బొమ్మ. అతని తప్పేమీ లేదు. ఆ బొమ్మ మీద తేదీ లేదు, పాతదని తెలిసే గుర్తు ఏదీ లేదు. గోడ పగలగొట్టి మళ్లీ కట్టిన ఖర్చు ఇంటాయన భరించాడు. ఆ రోజు నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి ప్లాను కింద కుడి మూలన పెట్టెలో మార్పు సంఖ్య, తేదీ, ఏం మారిందో ఒక్క ముక్కలో ఉంటాయి. “మార్పు 5: వంటింటి కిటికీ ఉత్తరానికి” అని. మారిన చోట మబ్బులాంటి గీత చుట్టి ఉంటుంది. ఫైలు పేరులో ఫైనల్ అన్న మాట వాడను, ఏడాది, నెల, తేదీ ఆ వరుసలో రాస్తాను. అట్లా రాస్తే ఫోల్డర్‌లో కొత్తది ఎప్పుడూ చివర్నే ఉంటుంది. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి అంకెలు మసక చేస్తుంది, మూడు ఎనిమిదిలాగా కనపడుతుంది. పీడీఎఫ్ తీసి డాక్యుమెంటుగా పంపాలి. కొత్తది పంపిన రోజున ఫోను చేసి, “అన్నా, పాతవి తీసేయ్, ఇది ఐదోది” అని నోటితో చెప్పాలి. సైటులో గోడకు ఒక కాగితం ప్రతి అంటించి, పాతది చింపేయాలి.

మొదట చెప్పిన ఆ ఇంటి సంగతి. “గీ తేడా ఎట్లొచ్చింది సారూ?” అని ఇంటాయన అడిగితే, మూల కొలవలేదని ఉన్నమాట చెప్పాను. ముగ్గు చెరిపించి, ఆ రాత్రి స్థలాన్ని సరిగ్గా గీసి, ఇంటిని పక్క హద్దులకు సమాంతరంగా ఒకటిన్నర డిగ్రీకి పైగా తిప్పాను. రెండు పక్కలా మూడడుగుల మూడు అంగుళాలు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా వచ్చాయి. రోడ్డు వైపు ఒక మూలకూ రెండో మూలకూ ఎనిమిది అంగుళాల తేడా మిగిలింది, అది ప్రహరీ లోపలి పూలచెట్ల మడిలో కలిసిపోయింది. గుంతలు తవ్వక ముందు బయటపడింది కాబట్టి పోయింది ఒక రోజు కూలి, ఒక బస్తా ముగ్గు.

ఇల్లు కట్టుకుంటున్న వాళ్లను ఒక్కటే కోరుతున్నాను. ముగ్గు పోసే రోజున మీరూ సైటులో ఉండండి. ప్లాను గీసినాయనను కూడా పిలవండి. జేసీబీ దిగకముందే టేపు అందుకుని, స్థలానికీ ఇంటికీ మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిపించి, ఆ నాలుగు అంకెలూ ప్లాను వెనక రాయించుకోండి.